తోడల్లుడి తుపాకి

అత్తగారింట్లో అతన్ని చిన్నల్లుడు అంటారు. ఊళ్లో అద్దాల మేస్త్రి అంటారు. కళ్లజోళ్ల కొట్టు వెనక గదిలో తడి సానరాయి ముందు కూర్చుని ఇరవై ఆరేళ్లుగా అద్దాలు అరగదీస్తున్న మనిషికి ఆ రెండో పేరే నప్పుతుంది. కానీ రోజులో ఎక్కువసార్లు చెవిన పడేది మొదటిదే. చిన్నల్లుడు ఉన్నాడంటే పెద్దల్లుడు ఒకడు ఉండి తీరాలి కదా. ఆ పెద్దల్లుడు పెరటి గోడకు అవతలే ఉన్నాడు.

మామగారు పోయేముందు తన స్థలాన్ని సమంగా రెండు చేసి కూతుళ్లిద్దరికీ రాసిచ్చాడు. రెండిళ్లూ అలిగిన మొగుడూ పెళ్లాల్లా వీపులు తిప్పుకుని ఉంటాయి. పెరళ్ల మధ్య భుజాలెత్తు గోడ, గోడకో చిన్న తలుపు. ఆ తలుపు గడియ అటువైపే ఉంది. అంత చిన్న సంగతి కూడా మేస్త్రికి గుచ్చుకునేది.

పెద్దల్లుడు బడి బస్సు నడుపుతాడు. ఆరడుగుల మనిషి. నవ్వితే ఆ నవ్వు గోడ దూకి ఇవతలికి వస్తుంది. మేస్త్రి ఇంటికి రంగు వేయించిన నెలలోనే పెద్దల్లుడు మేడ మీద గది వేశాడు. మేస్త్రి కూతురు పరీక్షలో మొదటి తరగతిలో పాసైన రోజే పెద్దల్లుడి కొడుక్కి ఉద్యోగం వచ్చింది. అందరూ ఆ ఇంటికే వెళ్లారు, మేస్త్రి కూతురితో సహా. ఇందులో తోడల్లుడి కుట్ర ఏమీ లేదని మేస్త్రికి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

అన్నిటికంటే ఎక్కువ మండించింది ఒక మాట. పెద్దకూతురి దగ్గర ఉండే అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పేది. "యాభై ఎనిమిదేళ్లొచ్చాయి మా పెద్దల్లుడికి. మొన్నమొన్నటిదాకా పెట్టుకునే కళ్లజోడు కూడా తీసి పారేశాడు. చదువుకోవాలంటే పేపరు ఇట్టే చదివేస్తాడు." పక్కనే కూర్చున్న చిన్నల్లుడి చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీది కళ్లజోడు మీదికి పోయేది. ఊరందరి చూపూ సరిచేసే తన కళ్లకే రెండు రకాల అద్దాలు కావాలి. బస్సు నడిపేవాడికేమో ఏదీ అక్కర్లేదు.

తుపాకి గొడవ ఎలుకలతో మొదలైంది. మేస్త్రి భార్య పెరట్లో పద్నాలుగు కోళ్లను పెంచుతుంది. గుడ్లు రొట్టెల దుకాణానికి వేస్తుంది. ఆ ఏడాది వెనక వీధిలో పాత గిడ్డంగి ఒకటి పడగొట్టారు. అందులో తరతరాలుగా కాపురమున్న ఎలుకలన్నీ మురుగుకాలవ పట్టుకుని ఈ రెండు పెరళ్లలోకి దిగాయి. ఒక్కొక్కటీ పిల్లి పిల్లంత. గుడ్లు దొర్లించుకుపోయాయి. కోడిపిల్లలను కాళ్లు పట్టి లాగేశాయి. మందు పెడదామంటే కోళ్లు తింటాయని భయం. బోను పెడితే మొదటి వారం రెండు పడ్డాయి. తర్వాత మిగతావి దాన్ని అప్పులవాడి గుమ్మంలా చూసి పక్కనుంచి పోవడం నేర్చుకున్నాయి.

అప్పుడు పెద్దల్లుడు ఎయిర్ రైఫిల్ కొన్నాడు. అలాంటిలాంటిది కాదు. చేతి పొడవున్న నల్లటి గొట్టం, మీద దుర్భిణి, భుజానికి ఆనే చోట ఎర్రటి రబ్బరు మెత్త. కొన్న మూడో రోజు సాయంత్రం గోడ మీద నడుస్తున్న ఎలుకను ఒక్క దెబ్బకు కింద పడేశాడు. ఆ ఎలుకను తోక పట్టుకుని వీధిలోకి తెచ్చి చూపించాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం నవ్వుతారే, ఆ రోజు వీధి వీధంతా ఆ ఎలుకను చూసి కొండను మోసుకొచ్చినట్టు మెచ్చుకుంది. మేస్త్రి భార్య కూడా చిన్నతలుపు దాటి వెళ్లి చూసొచ్చింది. వచ్చి బియ్యం కడుగుతూ, ఎవరితో అన్నట్టూ కాకుండా అంది.

"మా బావకి ఏ పనైనా చేతికి వస్తుంది."

ఆ రాత్రి మేస్త్రికి అన్నం సయించలేదు. మర్నాడు సానరాయి ముందు కూర్చుంటే చక్రం చప్పుడు కూడా 'మా బావకి, మా బావకి' అంటున్నట్టే ఉంది. ఒక పెద్దావిడ అద్దం అంచు గోరంత ఎక్కువ అరగదీసి పాడుచేశాడు. అయిదారేళ్లలో అలాంటి తప్పు అతని చేత జరగలేదు.

ఆ వారాంతం మేస్త్రి ఎవరికీ చెప్పకుండా బజారు చివర ఆటల సామాన్ల కొట్టుకు వెళ్లాడు. దాని యజమానురాలు ఒకప్పుడు పోటీల్లో గురి కొట్టిన మనిషి, ఇప్పుడు పిల్లలకు నేర్పుతుంది. అందరూ టీచరమ్మ అంటారు. జుట్టు పూర్తిగా నెరిసింది గాని వీపు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది.

మేస్త్రి తనకు కావలసింది దారి పొడుగునా తయారుచేసుకుని వచ్చాడు. తన తోడల్లుడు కొన్నదానికంటే పొడుగుండాలి. దానికంటే గట్టిగా కొట్టాలి. దుర్భిణి దానికంటే పెద్దదై ఉండాలి. ఇదంతా ఒక గుక్కలో చెప్పేశాడు.

ఆమె ఏ తుపాకీ తీయలేదు. ముందు పెరడు ఎంత పొడుగో అడిగింది. ముప్ఫై అడుగులన్నాడు. దేన్ని కొట్టాలని అడిగింది. ఎలుకల్ని అన్నాడు. ఎలుక వెనకాల ఏముంటుందని అడిగింది. ఆ ప్రశ్నకు మేస్త్రి తడబడ్డాడు. వెనకాల గోడ, గోడ వెనకాల తోడల్లుడి ఇల్లు అన్నాడు.

"అంటే తప్పిపోయిన గుండు మీ తోడల్లుడి వంటింట్లోకి పోతుందన్నమాట," అంది టీచరమ్మ. "లేదా గోడకు కొట్టుకుని మీ కంట్లోకే తిరిగొస్తుంది. మీరు అద్దాల మేస్త్రి కదా, కన్ను విలువ నేను చెప్పాలా?"

అయినా అతను పట్టు విడవలేదు. సరేనని ఆమె గోడ మీంచి తోడల్లుడి దానిలాంటిదే ఒకటి దించి చేతికిచ్చింది. అది స్ప్రింగు తుపాకి, గొట్టాన్ని కిందికి విరిస్తే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, ఏదీ విరవండి అంది. మేస్త్రి విరిచాడు. గొట్టం సగం దాకా వచ్చి ఆగిపోయింది. మోకాలి మీద ఆనించి, పళ్లు బిగించి, ఊపిరి బిగపట్టి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి తప్ప గొట్టం దిగలేదు. కొట్టులో బంతి కొనడానికొచ్చిన ఒక తల్లి జాలిగా చూసింది. మేస్త్రి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

టీచరమ్మ నవ్వలేదు. ఆ తుపాకీ వెనక్కి తీసుకుని, తేలికైనది, పొట్టిది, భుజానికి ఆనే చోట చెక్క మడమ ఉన్నది ఒకటి తెచ్చింది. దుర్భిణి లేదు. ముందొక ముల్లు, వెనకొక గాడి, అంతే. ముప్ఫై అడుగుల్లో ఎలుకకు ఇది చాలునంది. లావు గుండు దెబ్బ పెద్దదే గాని బరువుకి త్వరగా కిందికి వంగిపోతుంది, సన్న గుండు తిన్నగా పోతుంది, దగ్గరి గురికి అదే మేలని చెప్పింది. బలం గొట్టంలో కాదు, ఎక్కడ తగిలిందన్నదాంట్లో ఉంటుంది. సరైన చోట తగలకపోతే జంతువు బాధపడుతూ పొదల్లోకి పోయి చస్తుంది, అది వేట కాదు, పాపం అంది. ఇలా మాట్లాడుతూనే అతన్ని కొట్టు వెనక పొడుగాటి వసారాలోకి తీసుకెళ్లి, కళ్లకు అడ్డుగా ప్లాస్టిక్ అద్దాలు పెట్టించి, చివర కాగితం బిగించింది.

మేస్త్రి గొట్టం విరిచాడు. తలుపు గడియ తీసినంత సులువుగా దిగింది. ముల్లును గాడిలో నిలబెట్టాడు. ఇరవై ఆరేళ్లు వెంట్రుకవాసి తేడాలు పట్టుకుంటూ బతికిన చేతులు అవి. ఊపిరి సగం వదిలి ఆపడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అద్దం అంచు పట్టేటప్పుడు అతను రోజూ చేసేది అదే. అయిదు గుళ్లు కొట్టాక టీచరమ్మ కాగితం తీసుకొచ్చి కాసేపు చూసింది. అయిదు చిల్లుల మీదా ఒక్క చొక్కా గుండీ పెడితే కప్పేసేలా ఉన్నాయి.

"ఇంతకుముందు కొట్టారా?" అని అడిగింది.

లేదన్నాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి అతని చేతిలో పెట్టింది. జీవితంలో అతనికి దక్కిన మెప్పుల్లో అది పెద్దదే. కానీ అసూయపరుడి కడుపు చిల్లుకుండ, ఎంత పోసినా నిలవదు. ఆ పొట్టి తుపాకీని గుడ్డలో చుట్టుకుని ఇంటికి వస్తుంటే అతని ఆలోచనంతా ఒకటే. తోడల్లుడి దాని పక్కన పెడితే ఇది పిల్లల ఆటవస్తువులా కనిపిస్తుంది.

అతను భయపడ్డట్టే అయింది. అత్తగారు చూసి, ఇది పెద్దల్లుడి దానికి పుట్టిన పిల్లా అని అడిగింది. భార్య పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. మేస్త్రి ముఖం మాడిపోయింది. అయినా టీచరమ్మ చెప్పినట్టే చేశాడు. చెక్కపెట్టె ఒకటి తయారుచేసి ఇసుకా పాతగుడ్డలూ కూరి, మురుగుకాలవ నోటి దగ్గర ఎలుకలు వచ్చే దారి వెనక పెట్టాడు. పెట్టె ముందు కాసిని గింజలు చల్లాడు. ఎలుక గింజల దగ్గర ఆగితేనే కొట్టాలి, వెనక పెట్టె ఉంటేనే కొట్టాలి అని తనకు తనే నియమం పెట్టుకున్నాడు. రెండు వారాలు కాగితాలే కొట్టాడు. మూడో వారం మొదటి ఎలుక పడింది. తర్వాత వారానికి మూడు నాలుగు పడేవి. పారతో ఎత్తి పూడ్చేసేవాడు. చప్పుడు తలుపు వేసినంత కూడా ఉండదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. గుడ్లు పోవడం ఆగింది. భార్య మాత్రం, బావ తుపాకీ చప్పుడుకి ఎలుకలు బెదిరి పారిపోయినట్టున్నాయని అంది.

అవతల పెరట్లో తుపాకి రోజూ పేలుతూనే ఉండేది. రెండో ఎలుక మాత్రం వీధిలోకి రాలేదు.

ఒక ఆదివారం పొద్దున పెద్దల్లుడు గోడ మీంచి పిలిచాడు. ఇద్దరం కలిసి డబ్బా కొడదాం రా తమ్ముడూ అన్నాడు. మేస్త్రి ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఆ పిలుపుకే. కానీ అటువైపు అడుగుపెట్టగానే అతను చూసింది డబ్బాను కాదు, డబ్బా వెనక ఉన్న గోడను. గోడంతా మశూచి వచ్చిన ముఖంలా ఉంది. పైన, కింద, రెండడుగులు పక్కన, ఎక్కడబడితే అక్కడ సున్నం లేచిపోయింది. డబ్బాకు మాత్రం ఒక్క చిల్లు ఉంది.

"ఈ పెరట్లో గాలి ఎక్కువ," అన్నాడు పెద్దల్లుడు.

ఆకు కూడా కదలడం లేదు. పెద్దల్లుడు తుపాకీ కుడిభుజానికి ఆనించి, మెడ వంచి, తలను బాగా ఇవతలికి లాగి, ఎడమకంటితో చూడబోయాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు కుడికంటికి మార్చాడు. కొట్టాడు. గోడ మీద ఇంకో మచ్చ పడింది. నవ్వేసి, దుర్భిణి ఏదో చెడినట్టుంది, నువ్వు చూడు అని మేస్త్రికి ఇచ్చాడు.

మేస్త్రి కన్ను పెట్టి చూశాడు. అంతా మసక. దుర్భిణి వెనక కంటి దగ్గర ఒక కట్టు ఉంటుంది. ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్లు దాన్ని తిప్పుకుంటారు. ఆ కట్టు ఒక వైపుకు చివరంటా తిప్పి ఉంది. ఇంకా తిప్పబోయి గట్టిగా బిగించిన గుర్తులు కూడా ఉన్నాయి. అద్దాల మేస్త్రికి అది పుస్తకం చదివినంత స్పష్టంగా అర్థమైంది. ఈ దుర్భిణిలోంచి చూసే కంటికి దూరం అస్సలు ఆనడం లేదు.

వెంటనే అత్తగారి మాట చెవిలో మోగింది. మొన్నమొన్నటిదాకా పెట్టుకునే కళ్లజోడు తీసి పారేశాడు. యాభై దాటినవాడికి దగ్గరి చూపు ఉన్నట్టుండి బాగుపడిందంటే సంతోషించకూడదు. కంట్లో శుక్లం ముదురుతున్నప్పుడు కొందరికి అలా జరుగుతుంది. దగ్గర బాగవుతుంది, దూరం పోతుంది. కొట్టుకొచ్చిన ఎందరికో తానే చెప్పి డాక్టరు దగ్గరికి పంపాడు. ఈ మాట మాత్రం నెలల తరబడి వింటూ, మంటతో చెవులు మూసుకున్నాడు గాని ఆలోచించలేదు.

ఆ క్షణాన మేస్త్రికి జాలి కలిగి ఉండాల్సింది. కలగలేదు. కలిగింది సంతోషం. కట్టు మళ్లీ ఉన్నచోటికి తిప్పేసి, "బాగానే ఉంది అన్నయ్యా, గాలే అయ్యుంటుంది," అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు అతను బుగ్గన బెల్లం ముక్క పెట్టుకున్నట్టు తిరిగాడు. అత్తగారు పేపరు మాట ఎత్తితే ఎత్తనీ అనుకున్నాడు. మనసులో ఒక సభ నడిచేది. అందరూ భోజనాలకు కూర్చుని ఉంటారు. తాను నెమ్మదిగా నోరు విప్పుతాడు. ఒక్క మాటతో పెద్దల్లుడు కూర్చున్న చోటే చిన్నవాడైపోతాడు. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో సానరాయి ముందు కూర్చుని పదిరకాలుగా అల్లుకున్నాడు. సోమవారం భార్య, మీ ముఖంలో ఏదో కళ కనిపిస్తోందే అని కూడా అంది.

గురువారం పొద్దున మేస్త్రి సైకిలు మీద పనికి పోతున్నాడు. బడి దగ్గర కూడలిలో పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ చేతిలో ఎర్రబిళ్ల ఎత్తి పట్టుకుని నడిరోడ్డులో నిలబడింది. ఆమె వెనక నలుగురు పిల్లలు దాటుతున్నారు. ఎదురుగా ఎండ ఏటవాలుగా కొడుతోంది. ఆ ఎండలోంచి పెద్దల్లుడి బస్సు వచ్చింది. ఆగాల్సిన చోట ఆగలేదు. ఆమె అరిచింది. బస్సు కీచుమని, ఆమెకు చేతి దూరంలో ఆగింది. లోపలి పిల్లలు ముందుకు తూలి, అదేదో ఆట అనుకుని నవ్వారు. పెద్దల్లుడు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎండ కళ్లలో పడిందమ్మా అన్నాడు. ఆమె బిళ్లను గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది.

మేస్త్రి సైకిలు దిగాడు. మూడు రోజుల బెల్లం ఒక్కసారిగా చేదెక్కింది. ఆ నలుగురు పిల్లల్లో ఒకళ్లకేమైనా అయితే, బస్సు నడిపినవాడికి తెలియదు, తనకు తెలుసు.

కొట్టుకు వెళ్లకుండా అక్కడే కాపుకాశాడు. పిల్లల్ని దింపి బస్సు ఖాళీ కాగానే వెళ్లి, మీ దుర్భిణికి మందపాటి అద్దమొకటి వెయ్యొచ్చేమో, మధ్యాహ్నం ఒకసారి కొట్టుకు రండి అన్నాడు. బస్సు బడిలోనే ఉంచేసి నడిచి రండి, కొట్టు ముందు నిలిపే చోటు లేదని అబద్ధం కూడా ఆడాడు.

పెద్దల్లుడు వచ్చేసరికి కళ్లు పరీక్షించే ఆయన భోజనానికి వెళ్లాడు. మేస్త్రి తోడల్లుణ్ణి చీకటిగదిలో కుర్చీ మీద కూర్చోబెట్టాడు. ఎడమకన్ను మూసుకుని ఎదుటి పలక మీద కడ్డీతో చూపించే అక్షరాలు చదవమన్నాడు. పెద్దల్లుడు తుపాకికి ఇదెందుకని అడగలేదు. ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, తడుముకోకుండా చదివాడు.

"గ. ర, ట. వ, ప, ద. మ, న, య, ల. ఇంకా కిందివి కూడా చదవనా తమ్ముడూ?"

మేస్త్రి కడ్డీ పలక మీదే నిలిచిపోయింది. ఏటా లైసెన్సు పరీక్షలో చూపించేది, ఊళ్లో అన్ని కొట్లలోనూ ఉండేది అతను అప్పజెప్పిన ఆ పాత పలకే. ఈ కొట్లో మాత్రం పోయిన నెల మార్చారు. ఇప్పుడు గోడ మీద ఉన్న పలకలో పై అక్షరం 'గ' కాదు. అరచెయ్యంత 'స'.

పెద్దల్లుడు కన్ను మీంచి చెయ్యి తీశాడు.

"ఎన్ని తప్పాయి?"

"అన్నీ తప్పాయి అన్నయ్యా."

ఆరడుగుల మనిషి కుర్చీలో కుంచించుకుపోయాడు. తన గెలుపు ఇలా ఉంటుందని మేస్త్రి ఆ మూడు రోజుల్లో ఎప్పుడూ ఊహించలేదు. పెద్దల్లుడు నేల చూస్తూ చెప్పుకొచ్చాడు. ఏడాదిగా కళ్లు మసకబారుతున్నాయి. ఉద్యోగం పోతుందని భయం. పలక కంఠతా పట్టాడు. ఆ తుపాకి కొన్నది ఎలుకల కోసం కాదు.

"నా కళ్లకేం కాలేదని చూసుకుందామని కొన్నాను. మొదటిది తగిలింది కదా. అది తగలగానే ఊరంతా తిప్పి నాకు నేనే చూపించుకున్నాను. తర్వాత ఒక్కటీ తగల్లేదు."

మేస్త్రి అతనికి నీళ్లిచ్చాడు. ఇది పోయే జబ్బేనని, చిన్న ఆపరేషనుతో కొత్త కన్ను వచ్చినట్టు ఉంటుందని చెప్పాడు. పొద్దున కూడలిలో తాను చూసింది కూడా చెప్పాడు. సాయంత్రం మాత్రం బస్సు ఎక్కవద్దన్నాడు.

"ఎక్కితే?" అన్నాడు పెద్దల్లుడు, బెదిరింపుగా కాదు, తెలుసుకుందామన్నట్టు.

"ఎక్కితే నేనే బడికెళ్లి చెప్తాను. మీరే చెప్తే నేను ఎవరికీ చెప్పను."

పెద్దల్లుడే చెప్పాడు. ఆ సాయంత్రం ఇంకొక డ్రైవరు బస్సు తీసుకెళ్లాడు. నెల తిరక్కుండా ఒక కంటికి, ఆ తర్వాత రెండో కంటికి ఆపరేషను జరిగింది. మూడో నెలలో కొత్త పరీక్ష, కొత్త పలక, అన్ని అక్షరాలూ చదివి మళ్లీ బస్సెక్కాడు. పిల్లల క్షేమం కోసం తనంతట తానే బండి దిగిన మనిషని బడివాళ్లు ఒక ఉత్తరం రాసి, పటం కట్టించి ఇచ్చారు. అత్తగారు దాన్ని వీధిగుమ్మానికి ఎదురుగా తగిలించింది. మేస్త్రి భార్య పటం చూసొచ్చి, "అలాంటి మనసు అందరికీ ఉంటుందా," అంది. ఎవరికీ చెప్పనని మేస్త్రి మాట ఇచ్చి ఉన్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిలలాడాడు గాని నోరు విప్పలేదు.

విప్పింది పెద్దల్లుడే. ఒకరోజు రెండు కుటుంబాలూ కలిసి భోంచేస్తుండగా అత్తగారు పటం సంగతి ఎత్తింది. పెద్దల్లుడు కంచం పక్కకు జరిపి, ఆ పటం తమ్ముడి ఇంట్లో ఉండాల్సింది, కంటి జబ్బు పట్టుకున్నదీ వాడే, బండి దింపిందీ వాడే అని మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. గోడ మీది మచ్చలు, దుర్భిణి కట్టు, పలక, ఏదీ దాచలేదు. ఇన్నేళ్లుగా కోరుకున్న సభ ఇదే. తాను అల్లుకున్న దానికంటే బాగా నడుస్తోంది.

అత్తగారు అంతా విని, మజ్జిగ పోసుకుంటూ తేల్చేసింది.

"అద్దాల కొట్లో పనిచేసేవాడికి ఆ మాత్రం తెలీదా ఏంటి. ఒప్పుకున్నావు చూడు నాయనా, అదీ గొప్ప."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు, పళ్లు కనిపించేంతవరకే. నవ్వనిది అతని భార్య ఒక్కతే. ఇంటికొచ్చాక ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ఆ దుర్భిణి చూసింది ఏ రోజండీ?"

"ఆదివారం."

"బావని కొట్టుకు పిలిచింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరూ పట్టుకోలేరు. మేస్త్రి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "గురువారం," అన్నాడు.

ఆమె చేతిలో మడత ఆగింది. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"మూడు రోజులు బస్సు నడిచిందన్నమాట."

"నడిచింది. గురువారం పొద్దున కూడా."

"ఎందుకు ఆగారు?"

"నాకొక్కడికే తెలియడం బాగుండింది," అన్నాడు మేస్త్రి. "మీ బావ అంటే నాకు మొదటినుంచీ ఓర్వలేనితనం. నీకు తెలుసు కదా."

ఆమె మడత పూర్తిచేసి, బట్టలు అలమరలో పెట్టి, కోళ్లను గూట్లోకి తోలడానికి వెళ్లింది. ఆ మాట ఆమె అక్కతో అనలేదు, తల్లితో అనలేదు, మళ్లీ అతనితోనూ అనలేదు. అది క్షమించడమో, శిక్షించడమో మేస్త్రికి ఈనాటికీ తేలలేదు. మా బావ అనే మాట మాత్రం ఆ ఇంట్లో కొంచెం తగ్గింది.

మంట తగ్గలేదు. కొత్త కళ్లతో పెద్దల్లుడు ఇప్పుడు డబ్బాలు వరసగా కొడుతున్నాడు, మేస్త్రి చెప్పినట్టు వెనక ఇసుకపెట్టె పెట్టుకుని. ఒక్కో చప్పుడునూ ఇవతల మేస్త్రి లెక్కపెట్టుకుంటాడు. ఈ మంట పోయే జబ్బు కాదని అతనికి అర్థమైంది.

మొన్న సాయంత్రం పని నుంచి వస్తుంటే పెద్దల్లుడి బస్సు ముందు పోతోంది. మలుపులో ఆగినప్పుడు వెనక కుడివైపు ఎర్రదీపం వెలగలేదు. మేస్త్రి ఇంటికి చేరి చెప్పులైనా విప్పలేదు. తిన్నగా పెరట్లోకి నడిచి, చిన్నతలుపు తట్టి, పెద్దల్లుడు గడియ తీయగానే దీపం సంగతి చెప్పాడు. పెద్దల్లుడు అప్పటికప్పుడు వెళ్లి కొత్త దీపం తెచ్చి బిగించాడు. అరుగు మీద కూర్చున్న అత్తగారు, దారినపోయే ఒకావిడతో అంది.

"మా పెద్దల్లుడికి ఆ బస్సంటే ఎంత శ్రద్ధో చూడమ్మా."

మేస్త్రి ఆ మాట విన్నాడు. వినీ, దీపం సరిగ్గా వెలుగుతోందో లేదో చూడటానికి బస్సు వెనక్కి నడిచాడు. లోపలినుంచి పెద్దల్లుడు బ్రేకు తొక్కుతూ వెలుగుతోందా తమ్ముడూ అని అరిచాడు.

"వెలుగుతోంది అన్నయ్యా," అన్నాడు మేస్త్రి.